'ఈ ఇల్లు అమ్మబడును' బోర్డు ఏళ్ల తరబడి ఎందుకు దిగదు?

తెనాలిలో మా ఇంటి గేటుకు 2020 ఫిబ్రవరిలో ఒక రేకు బోర్డు కట్టాం. 'ఈ ఇల్లు అమ్మబడును' అని ఎర్ర అక్షరాలు, కింద నా ఫోన్ నంబరు. వేసవి సెలవుల్లోపు పని అయిపోతుందనుకున్నాం. బోర్డు ఎండకు వెలిసిపోయి, నంబరులో చివరి రెండు అంకెలు కనపడకుండా పోతే మధ్యలో ఒకసారి మళ్లీ రాయించాల్సి వచ్చింది. ఇల్లు చేతులు మారేసరికి 2023 దసరా దగ్గరికొచ్చింది. మూడున్నరేళ్లు పట్టింది.

ఆ రోజుల్లో ఎవరిని అడిగినా ఒకటే మాట: "టైం రాలేదండీ." దిష్టి తగిలిందన్నవాళ్లున్నారు, మార్కెట్ డల్‌గా ఉందన్నవాళ్లున్నారు. నిజానికి అదే వీధిలో ఆ మూడేళ్లలో రెండు ఇళ్లు అమ్ముడుపోయాయి. కాబట్టి మార్కెట్ మీద నెపం పెట్టడానికి లేదు. ఇప్పుడు ఎవరిల్లయినా అలా ఉండిపోయిందని తెలిస్తే మూడు సంగతులు అడుగుతాను. ధర ఎవరు చెప్పారు, ఆ ధరకు బ్యాంకు ఎంత అప్పిస్తుంది, సంతకం పెట్టాల్సినవాళ్లందరినీ అడిగారా. చాలామంది దగ్గర వీటికి సరైన జవాబు ఉండదు. అప్పుడు మా దగ్గరా లేదు.

ఆ ధర ఎవరు చెప్పారు?

మా ఇల్లు ఐదు సెంట్లలో ఉండేది, అంటే 242 గజాలు. నాన్న 1988లో కట్టించారు. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగాక గుంటూరు, విజయవాడ, తెనాలి చుట్టుపక్కల స్థలాల ధరలు ఎలా ఎగిరాయో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. 2016లో విజయవాడ నుంచి ఒకాయన వచ్చి గజం 40 వేలకు అడిగాడు. మొత్తం 96 లక్షల 80 వేలు. నాన్న అమ్మలేదు, అమ్మాల్సిన అవసరమూ అప్పుడు లేదు. కానీ ఆ అంకె మాత్రం ఇంట్లో ఉండిపోయింది. 2019లో నాన్న పోయారు. అదే ఏడాది డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది, ధరలు కిందికి దిగాయి. మేం మాత్రం "40 ఎలాగూ రాదు, 35కు ఇద్దాం" అనుకున్నాం. 5 వేలు తగ్గించుకున్నాం కాబట్టి న్యాయంగానే అడుగుతున్నామని మా నమ్మకం.

బోర్డు కట్టిన మూడో వారంలోనే ఒక బియ్యం వ్యాపారి గజం 28 వేలకు అడిగాడు. మొత్తం 67 లక్షల 76 వేలు. అన్నయ్య ఆ మాట వినడానికి కూడా ఇష్టపడలేదు. నేనూ అన్నయ్య వైపే ఉన్నాను. ఆ తర్వాత పక్షం రోజులకే లాక్‌డౌన్ వచ్చింది.

ఇది మా ఒక్కరి మొండితనం అనుకునేవాణ్ని. కాదని తర్వాత తెలిసింది. డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1990ల నాటి బోస్టన్ నగరంలో ఫ్లాట్ల అమ్మకాలను పరిశీలించి 2001లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. కొన్న ధర కన్నా ఇప్పటి విలువ తక్కువైపోయిన వాళ్లు, ఆ తేడాలో 25 నుంచి 35 శాతం దాకా ఎక్కువ కలిపి ధర చెప్పారట. వాళ్ల ఫ్లాట్లు ఎక్కువ కాలం అమ్ముడుపోకుండా ఉండిపోయాయి. మేం కొన్న ధర పట్టుకోలేదు, ఒకప్పుడు ఎవరో అడిగిన ధర పట్టుకున్నాం. కొనేవాడికి ఆ 2016తో ఏ సంబంధమూ లేదు. అతని ముందు ఉన్నది ఈ ఏడాది, ఈ ఊళ్లో, ఈ డబ్బుకు దొరికే మిగతా నాలుగు ఇళ్లు.

ఇక్కడ మన దగ్గర ఒక పెద్ద చిక్కు ఉంది. అసలు ధర ఎంతో తెలుసుకునే దారి మనకు లేదు. ఒక ఇల్లు ఎంతకు అమ్ముడైందో రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఉంటుంది, ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీస్తే ఆ విలువ కనిపిస్తుంది. కానీ అందులో రాసేది చాలాసార్లు నిజంగా చేతులు మారిన మొత్తం కాదు. ప్రభుత్వ విలువకు రిజిస్టర్ చేయించి, మిగతాది రొక్కంగా ఇచ్చిపుచ్చుకోవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, "వైట్ ఎంత, బ్లాక్ ఎంత" అని అడగడానికి ఎవరూ మొహమాటపడరు. దాంతో రికార్డులో ఉన్న ధర నిజం కాదు, నిజమైన ధర రికార్డులో లేదు. మిగిలేది నోటి మాట. "పక్క వీధిలో గజం 50కి పోయిందట" అంటారు. అది రెండు రోడ్ల మూల స్థలమని చెప్పరు. ఒక బిల్డరు మూడు ఇళ్లు కలిపి అపార్ట్‌మెంట్ కోసం కొన్నాడని చెప్పరు. మూడు స్థలాలు కలిస్తే వచ్చే ధర విడిగా ఉన్న ఒక ఇంటికి రాదు. అయినా ఆ '50' వీధంతా తిరిగి, ప్రతి ఇంటి బోర్డు వెనకా చేరుతుంది.

దీనికి బ్రోకర్లు ఇంకొంచెం కలుపుతారు. ఎక్కువమంది చేతిలో పెడితే త్వరగా పోతుందని మేం ఐదుగురికి చెప్పాం. ఒకరు మేం చెప్పిన ధరే చెప్పారు, ఒకరు పైన 3 లక్షలు వేసుకున్నారు, ఇంకొకరు కొనేవాణ్ని ఆకట్టుకోవడానికి తగ్గించి చెప్పారు. ఒకే ఇంటి ఫోటో మూడు ధరలతో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే చూసినవాడికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

కొనగలిగినవాళ్లు ఎంతమంది?

ఈ భాగం కొంచెం ఓపికగా చదవండి. నా దృష్టిలో ఇళ్లు ఆగిపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

లెక్క తేలికగా ఉండటానికి కోటి రూపాయల ఇల్లు ఒకటి అనుకుందాం. ప్రభుత్వ విలువ 50 లక్షలు. అమ్మేవాళ్లు 50 లక్షలకే రిజిస్టర్ చేస్తాం, మిగతా 50 క్యాష్ ఇవ్వాలి అన్నారు. కొనే భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగులు. బ్యాంకు అప్పు ఇచ్చేది కాగితం మీద ఉన్న ధరను బట్టి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం గృహరుణం 30 లక్షల లోపైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, ఆపైన అయితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే 50 లక్షల కాగితానికి 40 లక్షలు వస్తుంది. మిగతా 60 లక్షలు వాళ్లే తెచ్చుకోవాలి. అందులో 50 లక్షలు కట్టలుగా ఉండాలి. దీని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు రెండు రాష్ట్రాల్లోనూ సుమారు ఏడున్నర శాతం, 3 లక్షల 75 వేలు. అది ఇంటి విలువలో కలిపి అప్పుగా ఇవ్వరు. మొత్తం 63 లక్షల 75 వేలు చేతిలో ఉంటే తప్ప ఈ ఇంటి వైపు చూడటానికి లేదు.

అదే ఇల్లు కోటికి కోటి రిజిస్టర్ చేస్తే? అప్పు 75 లక్షలు. సొంతంగా పెట్టుకోవాల్సింది 25 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర లక్షలు. కలిపి 32 లక్షల 50 వేలు.

ఇల్లు అదే, ధర అదే. ఒక పద్ధతిలో 64 లక్షలు ఉన్నవాళ్లే రాగలరు, ఇంకో పద్ధతిలో 33 లక్షలు ఉన్నవాళ్లు రాగలరు. జీతం మీద బతికే కుటుంబాల్లో 50 లక్షలు రొక్కంగా బయటికి తీయగలిగినవాళ్లు ఎందరు? మనం బోర్డు పెట్టి ఊరంతా చూస్తున్నారనుకుంటాం. నిజానికి ఆ షరతుతో ఊళ్లో ముప్పాతిక మందికి తలుపు వేసేసినట్టే. మిగిలేది వ్యాపారులు. వాళ్లకు బేరం ఆడటం మనకన్నా బాగా తెలుసు.

అమ్మేవాళ్లు క్యాష్ అడిగేది పన్ను భయంతో. నేను తక్కువ చేయడం లేదు, ఆ భయం మాకూ ఉండేది. కానీ లెక్క వేసుకుంటే చాలామందికి ఆ భయంలో సగం కూడా నిజం కాదు. 2024 జులై 23 తర్వాత ఇల్లు అమ్మితే దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. ఆ తేదీకి ముందు కొన్న ఆస్తి అయితే, ఇక్కడే నివసించే వ్యక్తులు కావాలంటే పాత పద్ధతిలో ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకుని 20 శాతం కట్టొచ్చు, ఏది తక్కువైతే అది. 2001కి ముందు కొన్నవాటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను అసలు ధరగా తీసుకోవచ్చు. ఆ లాభంతో రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా 10 కోట్ల దాకా మినహాయింపు ఉంది. రొక్కంగా తీసుకునే దారిలో ఉన్న ప్రమాదం మాత్రం ఎవరూ చెప్పరు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి క్యాష్ తీసుకుంటే, తీసుకున్న మొత్తానికి సమానంగా జరిమానా పడొచ్చు. 2015 జూన్ నుంచి ఈ నిబంధన ఉంది.

ఇంకో అడ్డంకి బ్యాంకు పంపే వాల్యుయేటర్. మనం 85 లక్షలు అన్నా, కొనేవాడు 80కి ఒప్పుకున్నా, ఇంటి విలువ కట్టే ఆ వాల్యుయేటర్ 65 అని రాస్తే అప్పు 65 మీదే లెక్కకడతారు. పాత ఇంటికి గోడల విలువ ఆయన పెద్దగా వేయడు. ఇల్లు కట్టి 30 ఏళ్లు దాటితే ఇంకా ఎన్నేళ్లు నిలబడుతుందో చూసి అప్పు గడువు కూడా తగ్గిస్తారు. గడువు తగ్గితే ఈఎంఐ పెరుగుతుంది, దాంతో ఇంకొందరు తప్పుకుంటారు. టేకు తలుపులు, నాన్న దగ్గరుండి వేయించిన మొజాయిక్ గచ్చు, వెనక బావి, ఇవేవీ ఆ రిపోర్టులోకి రావు.

అక్క సంతకం

2021 చివర్లో ఒక బేరం దాదాపు కుదిరింది. గజం 30 వేలు. టోకెన్ అడ్వాన్స్ ఇస్తామన్నారు. కొనేవాళ్ల లాయరు కాగితాలు చూసి ఒకటే ప్రశ్న వేశాడు. "అమ్మాయి ఎక్కడ?"

నాన్న వీలునామా రాయలేదు. ఇల్లు ఆయన స్వార్జితం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలాంటి ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. అమ్మ, అక్క, అన్నయ్య, నేను, తలా నాలుగో వంతు. కూతుళ్లకు హక్కు 2005లో వచ్చిందనుకుంటారు చాలామంది. 2005లో దేశమంతటా వచ్చింది పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు. తండ్రి సొంతంగా సంపాదించి వీలునామా లేకుండా పోయిన ఇంట్లో కూతురి వాటా అంతకు దాదాపు యాభై ఏళ్ల ముందు నుంచే ఉంది. పెళ్లప్పుడు కట్నం ఇచ్చాం కాబట్టి చెల్లిపోయిందన్న మాట చట్టంలో ఎక్కడా లేదు.

ఒంగోలు వెళ్లి అక్క ముందు కాగితాలు పెట్టాను. అప్పుడే కూర తరిగి చేయి కడుక్కుని వచ్చింది. కొంగుతో చేయి తుడుచుకుంటూ మొదటి పేజీ చదివింది, రెండో పేజీ తిప్పలేదు. "బోర్డు కట్టి రెండేళ్లయింది కదరా. ఇప్పుడు గుర్తొచ్చానా, సంతకం కావాల్సి వచ్చాక?" అంది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆమెకు డబ్బు మీద ఆశ లేదని నాకు తెలుసు. కానీ తను పుట్టి పెరిగిన ఇల్లు అమ్ముతున్నట్టు ఆమెకు తెలిసింది పక్కింటివాళ్ల ఫోన్ వల్ల. అక్క సంతకానికి ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. కొనేవాళ్లు రెండు నెలలు ఆగి ఇంకో ఇల్లు చూసుకున్నారు. తప్పు మాది. చట్టం సంగతి పక్కన పెట్టినా, బోర్డు కట్టే ముందు ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది.

తెలుగు నాట ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇళ్లలో సగం వెనక ఇలాంటి సంతకమే ఉంటుందని నా అనుభవం మీద చెబుతున్నాను. తాత పేరు మీదే ఉండిపోయిన దస్తావేజు, పంచుకున్నామని నోటితో చెప్పుకుని కాగితం రాసుకోని అన్నదమ్ములు, కోర్టులో పార్టిషన్ దావా. కొనేవాడు ధర విని వెళ్లిపోయాడని మనం అనుకుంటాం. అతను కాగితాలు విని వెళ్లిపోయి ఉంటాడు, మర్యాద కోసం "ఇంట్లో మాట్లాడి చెబుతాం" అని ఉంటాడు.

కాగితాల్లో ఇంకా రకరకాల లోపాలుంటాయి. ఊళ్లో గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో ఉన్న ఇంటికి తరతరాలుగా ఇంటి పన్ను రసీదులు తప్ప లింక్ డాక్యుమెంట్లు, అంటే అంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు ఉండవు. అది మనదేనని ఊరంతటికీ తెలుసు, బ్యాంకుకు తెలియదు. కాబట్టి ఆ ఇల్లు కొనేవాడు ఆ ఊరివాడే అయ్యుండాలి, పూర్తి డబ్బు చేతిలో ఉండాలి. అలాంటివాడు ఊరికి ఒకరో ఇద్దరో. కొన్నిచోట్ల సర్వే నంబరు పొరపాటున రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాలోకి, అంటే 22ఏ లోకి వెళ్లిపోయి ఉంటుంది. అమ్మబోయేదాకా యజమానికి ఆ సంగతే తెలియదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాక తెలుస్తుంది. తెలంగాణలో అనుమతి లేని లేఔట్ల క్రమబద్ధీకరణకు 2020లో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటేనే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ క్రమబద్ధీకరణ ఫీజు మీరు కడతారా, మేం కట్టాలా అన్న దగ్గరే ఎన్నో బేరాలు తెగిపోతాయి.

హైదరాబాద్‌లో చెరువుల పక్కన ఉన్న ఇళ్లది ఇంకో కథ. పది హెక్టార్లకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ జోన్, అందులో కట్టడాలు కూడదు. ఈ నిబంధన కొత్తది కాదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలుపెట్టాక మాత్రం కొనేవాళ్లు మొదటి ప్రశ్నగా ఇదే అడుగుతున్నారు. ఒకప్పుడు 'లేక్ వ్యూ' అని ఎక్కువ ధర పలికిన ఇంటికి ఇప్పుడు ఆ చెరువే అడ్డం. హద్దుకు బయట ఉన్నవాళ్లు కూడా దాన్ని కాగితంతో చూపించలేకపోతే లోపల ఉన్నవాళ్లతో సమానంగా నష్టపోతున్నారు.

పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ ఇల్లు అమ్మే కుటుంబాలకు రెండు చిక్కులు. ఇక్కడున్నవాళ్ల దగ్గర 50 లక్షలు, ఆపైన విలువున్న ఇల్లు కొంటే ఒక శాతం టీడీఎస్, అంటే అమ్మినవాళ్ల తరఫున ముందే కట్టే పన్ను, మినహాయించి కడితే చాలు. అమ్మేది ఎన్నారై అయితే మినహాయించాల్సింది చాలా ఎక్కువ. ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ మినహాయింపు సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప పెద్ద మొత్తం అక్కడే చిక్కుకుంటుంది. తప్పు జరిగితే బాధ్యత కొన్నవాడి మీద పడుతుంది కాబట్టి అతను జంకుతాడు. రెండోది పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన బదులు సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం. జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిగే అమ్మకాలు యాజమాన్యాన్ని బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో తేల్చిచెప్పింది. కొడుకు తరఫున తండ్రి సంతకం పెట్టడానికి ఇచ్చే పవర్ వేరే సంగతి, అది చెల్లుతుంది. కానీ ఆ పేరు వినగానే కొనేవాళ్లు బెదురుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

దక్షిణం వాకిలి

వాస్తు గురించి రాయకపోతే ఈ వ్యాసం తెలుగువాళ్ల కోసం రాసినట్టు కాదు. దక్షిణం ముఖం ఇల్లు, నైరుతి వీధిపోటు, ఈశాన్యం తగ్గిన స్థలం, వీటికి కొనేవాళ్లు తక్కువ. నమ్మకం సరైనదా కాదా అన్న చర్చలోకి నేను వెళ్లను. గమనించాల్సింది ఏమిటంటే, వాస్తు మీద నమ్మకం లేనివాడు కూడా ఆ ఇల్లు కొనడు. "నాకు పట్టింపు లేదు, కానీ రేపు నేను అమ్మాలంటే?" అంటాడు. అలా ఒకరి నమ్మకం ఇంకొకరి లెక్కలోకి ఎక్కుతుంది. అందుకని ఆ ధర తగ్గుదల నిజమైనదే. అలాంటి ఇంటికి తూర్పు వాకిలి ఇంటి ధర చెప్పుకుంటూ కూర్చుంటే ఏళ్లు గడుస్తాయి. వాస్తుకు తగ్గ ధర మొదటే చెబితే దానికీ కొనేవాళ్లు దొరుకుతారు, ముఖ్యంగా అద్దెలకు ఇచ్చుకునేవాళ్లు.

హైదరాబాద్‌లో పాత ఫ్లాట్లది పూర్తిగా వేరే లెక్క. ఇరవై ఏళ్ల ఫ్లాటులో కాలం గడిచేకొద్దీ విలువ పెరిగేది కింద ఉన్న భూమిలో మన వాటా, అన్‌డివైడెడ్ షేర్. పైనున్న గోడలు, లిఫ్టు, పైపులు ఏటా పాతబడుతూ ఉంటాయి. చిన్న అపార్ట్‌మెంట్లో 45 గజాల వాటా ఉన్న పాత ఫ్లాటుకు ఏదో ఒకరోజు విలువ ఉంటుంది. ఎత్తైన టవర్లో 25 గజాలు వచ్చిన ఫ్లాటు, పక్కనే కొత్త టవర్ లేచిన రోజు నుంచి దానితో పోటీ పడాలి. కొత్తది కట్టేటప్పుడే కొంటే 5 శాతం జీఎస్టీ ఉంటుంది, పాతదానికి అది లేదు. పాత ఫ్లాటు అమ్మేవాళ్లు చెప్పుకోదగ్గ మంచి సంగతి ఇది, ఎవరూ చెప్పరు. వాళ్లు చెప్పేది ఇంటీరియర్స్‌కు పెట్టిన 15 లక్షల గురించి. పదేళ్ల కిందటి వార్డ్‌రోబ్‌కు కొనేవాడు డబ్బు ఇవ్వడు, దాన్ని పీకించడానికి ఎంత అవుతుందో లెక్క వేసుకుంటాడు. ఇంకో విషయం, వేసవిలో ట్యాంకర్ ఖర్చు ఎంతో మెయింటెనెన్స్ పుస్తకం చూస్తే తెలిసిపోతుంది. ఈ రోజుల్లో దాన్ని అడిగి మరీ చూస్తున్నారు.

తాళం వేసిన ఇల్లు

2022 ఆగస్టులో ఒక కుటుంబం చూడటానికి వస్తామంటే ముందు రోజు వెళ్లి తాళం తీశాను. తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది. వానకు చెక్క ఉబ్బింది. గుమ్మం కింద చెద, వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. హాల్లో నాన్న చివరిగా చింపిన కేలండర్ పేజీ అలాగే ఉంది. వంటింట్లో శ్లాబు నుంచి పెచ్చులు ఊడి, తుప్పుపట్టిన చువ్వ ఒకటి బయటికి కనిపిస్తోంది. మోటారు పట్టేసింది. ఊడ్చి, బూజు దులిపి, అగరొత్తులు వెలిగించాను. మర్నాడు వచ్చినావిడ మర్యాదగానే అంతా చూసింది. వెళ్లేటప్పుడు అడిగింది, "ఎన్నాళ్ల నుంచి ఉందండీ అమ్మకానికి?" రెండున్నరేళ్లు అని చెప్పాను. ఆమె భర్త వైపు చూసింది. ఇక ఫోన్ రాలేదు.

ఇల్లు ఎక్కువ రోజులు ఉండిపోతే ఆ ఉండిపోవడమే దోషం అవుతుంది. ఇన్నాళ్లు ఎవరూ కొనలేదంటే ఏదో ఉందని ప్రతివాళ్లూ అనుకుంటారు. ఆ ఏదో ఏమిటో వాళ్లకు తెలియదు, తెలియనిదానికి భయపడి దూరంగా ఉంటారు, లేదా బాగా తగ్గించి అడుగుతారు. అందుకే మొదటి రెండు మూడు నెలల్లో వచ్చే బేరాలకు అంత విలువ. అప్పటికే ఆ చుట్టుపక్కల ఇల్లు వెతుకుతున్నవాళ్లంతా కొత్త బోర్డు చూసి ఒకేసారి వస్తారు. వాళ్లు వెళ్లిపోయాక మనకు మిగిలేది అప్పుడప్పుడూ కొత్తగా వెతకడం మొదలుపెట్టే ఒకరిద్దరు.

అన్నయ్యా నేనూ కూర్చుని ఒక కాగితం మీద లెక్క వేశాం. బియ్యం వ్యాపారి ఇస్తానన్న 67 లక్షల 76 వేలు బ్యాంకులో 5 శాతానికి వేసి ఉంటే మూడున్నరేళ్లకు వడ్డీయే దాదాపు 12 లక్షలు. ఈలోపు ఇంటి పన్ను, కరెంటు కనీస బిల్లు, కాపలా చూసినాయనకు నెలనెలా ఇచ్చింది, మేం హైదరాబాద్ నుంచి తిరిగిన చార్జీలు. గజానికి 7 వేలు ఎక్కువ కావాలని పట్టుబట్టి పోగొట్టుకున్నది అది. అన్నయ్య ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

2023 వేసవిలో పని మొదటినుంచి మొదలుపెట్టాం. ముందు అక్కను, అమ్మను కూర్చోబెట్టి నాలుగు వాటాలు సమానంగా రాసుకున్నాం. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, లింక్ డాక్యుమెంట్లు, పాత ప్లాను, ఈసీ, పన్ను రసీదులు ఒక ఫైల్లో పెట్టి, చూడటానికి వచ్చినవాళ్లకు ఇవ్వడానికి నాలుగు సెట్ల జిరాక్సులు తీయించాం. గుమ్మం మార్పించి, శ్లాబు అతికించి, మోటారు బాగుచేయించాం. రంగులు వేయించలేదు, అవసరం లేదని ఒక మేస్త్రీ చెప్పిన మాట విన్నాం. నలుగురు బ్రోకర్లకు వద్దని చెప్పి ఒక్కరికే అప్పగించాం. ధర గజం 28 వేలు, మొత్తం వైట్, క్యాష్ ఒక్క రూపాయి వద్దు అని బోర్డు మీదే రాయించాం.

ఆరు వారాల్లో తేలిపోయింది. కొన్నది గవర్నమెంటు స్కూలు టీచర్లు, భార్యాభర్తలు. 27,500కు కుదిరింది, 66 లక్షల 55 వేలు. బ్యాంకు వాల్యుయేటర్ 63 లక్షలు వేశాడు, అందులో 80 శాతం, 50 లక్షల 40 వేలు అప్పు వచ్చింది. మిగతా 16 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు దాదాపు 5 లక్షలు వాళ్లు పీఎఫ్ నుంచీ బంగారం మీదా సర్దుకున్నారు. క్యాష్ అడిగి ఉంటే వాళ్లు గేటు దాటి లోపలికి కూడా వచ్చేవాళ్లు కాదని ఆ టీచరుగారే అన్నారు. రిజిస్ట్రేషన్ రోజు అక్క ఒంగోలు నుంచి వచ్చి అందరికన్నా ముందు సంతకం పెట్టింది.

2024 జూన్ తర్వాత అమరావతి మీద మళ్లీ ఆశలు లేచాయి. మా పాత వీధిలో కొందరు బోర్డులు తీసేశారు, కొందరు ధరలు పెంచారు. ఆ నెలల్లోనే ఎదురింటి బాబాయిగారు ఫోన్ చేశారు. తమ ఇల్లు అమ్ముదామనుకుంటున్నారట. "మీది గజం 40కి పోయిందటగా, బజార్లో అనుకుంటున్నారు. నిజమేనా?" అని అడిగారు. దస్తావేజు నంబరు చెప్పి, ఈసీ తీయించుకోమన్నాను. "అందులో ఉన్నదే అసలు ధర బాబాయ్, పైన ఇంకేమీ లేదు. 27,500" అని చెప్పాను.